తడిగుడ్డ కప్పిన పంపు

నా జీవితంలో చేసిన బేరాలన్నింటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే ఈ వయసులో కూడా రొమ్ము విరుచుకునే చెబుతాను: నడిరోడ్డు మీద ఆగిపోవడం నా కళ్లతో నేను చూసిన కారును, ఆ ఆగిపోవడాన్నే వేలెత్తి చూపించి, చెప్పిన ధరలో సగానికి కొన్నాను. ఆత్మకూరులో నూనె అంగడి పెట్టుకున్న ఇంట్లో పుట్టి, మాటలు సరిగా రాకముందే తరాజు ముల్లు ఎటు వంగుతోందో చూడటం నేర్చుకున్నవాణ్ని; సరుకులో లోపం కనిపిస్తే మాబోటివాళ్లకు భయం వెయ్యదు, నోరూరుతుంది. లోపం ఎంత పెద్దదైతే ధర అంత దిగుతుంది కదా. ధర దిగిన తర్వాత ఆ లోపం ఎక్కడికి పోతుందనే ప్రశ్న మాత్రం ఆ రోజుల్లో నాకు తట్టలేదు. ధరలోంచి కోసేశాం గనక వస్తువులోంచి కూడా పోయినట్టేనని నా నమ్మకం.

ఇదంతా మళ్లీ తలకెక్కడానికి కారణం మా అల్లుడి కారు. పోయిన నెల నందికొట్కూరు దాటి కర్నూలు వైపు వస్తుంటే అది నాలుగుసార్లు దగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. అల్లుడు ఫోను చేస్తే మెకానిక్కు ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి, స్టీరింగు కింద ఏదో తీగ గుచ్చి, చేతిలోని చిన్న తెర వైపు చూసి, పెట్రోలు పంపు పోయిందని తేల్చేశాడు. బానెట్టు కూడా ఎత్తలేదు. పంపు ఎక్కడుందయ్యా అని అడిగితే, ట్యాంకులోనే ఉంటుందనీ, విప్పి చూసేదేమీ ఉండదనీ, మొత్తంగా తీసి కొత్తది పెట్టడమేననీ చెప్పాడు. నేను తుమ్మచెట్టు నీడలోకి జరిగి ఆ రోడ్డును అటూ ఇటూ చూశాను. ఎండ అదే, నల్లరేగడి అదే. అరవై ఏళ్లకు పైబడింది గానీ, పంపు పోయిన కారు పక్కన ఇదే దారిలో నేను నిలబడటం ఇది మొదటిసారి కాదు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన కాలం అది. నా ఈడువాళ్లకు ఆ సందడి గుర్తుండే ఉంటుంది. డేరాల్లో మొదలైన సర్కారు కచేరీలు నిలదొక్కుకుంటున్నాయి అనుకునేలోపే మూటాముల్లె కట్టుకుని బయలుదేరాయి, వాటి వెంట వచ్చినవాళ్లందరూ తలకు మించిన సామాను అమ్ముకుంటుంటే ఊరంతా సంతలా అయింది. మంచాలు, బీరువాలు, గోడ గడియారాలు వీధుల్లోకి వచ్చి కూర్చున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల అంగళ్లవాళ్లం మేము ఊరుకుంటామా? నూనె డబ్బాల లెక్క తేల్చుకోవడానికి కర్నూలు పోయిన నేను, రాజధాని వెనకే పోతున్న ఒక కాంట్రాక్టరు ఇంటి ముందు యుద్ధానికి ముందునాటి కారు చూసి ఆగిపోయాను. రెండు పక్కలా నిలబడటానికి ఫుట్‌బోర్డులు, పక్షి రెక్కల్లా పక్కలనుంచి పైకి తెరుచుకునే బానెట్టు. ఆయన నన్ను ఎక్కించుకుని తిప్పి చూపిస్తుండగా తుంగభద్ర వంతెన దగ్గర బండి ఆగింది. ఆయన ఏమాత్రం తొణక్కుండా దిగి, ఇంజను పక్కన పిడికిలంత ఉన్న పంపు మీద ఒక పాత తువ్వాలు తడిపి చుట్టి, ఎండకు పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డం పడుతుందనీ, పాత బండ్లన్నిటికీ ఉన్నదేననీ, చల్లబడితే చాలుననీ వివరించాడు. కాసేపటికి బండి లేచింది. దానితోపాటు నేనూ లేచాను. ఆవిరికి ఇంత, ఆగినందుకు ఇంత, వంతెన మీద నలుగురూ చూసినందుకు ఇంత అని కోసుకుంటూ పోయి ఇల్లు చేరేసరికి సగం చేశాను. అంతటితో ఊరుకోక ఆ తడి తువ్వాలును కూడా కొసరుగా అడిగి తీసుకున్నాను.

మా నాయన ఆ కారు ఎక్కలేదు. అది వాకిట్లోకి వచ్చిన రోజు అంగడి గద్దె మీదనుంచే చూసి, దున్నపోతునైనా కొనుక్కోకపోతివి, గడ్డి ఉన్నంతసేపు నడిచేది అని ఒక్కమాట అని మళ్లీ నూనె కొలవడంలో పడ్డాడు.

ఇక్కడ మా అంగళ్లవాళ్ల ఇళ్లలోని ఒక కట్టుబాటు చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆ రోజుల్లో మా వీధుల్లో బ్యాంకు లేదు; ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, అప్పడాలు వత్తేవాళ్లు, పాలమ్మేవాళ్లు దాచుకున్న నాలుగు డబ్బులు తెచ్చి నూనె శెట్టి దగ్గర పెట్టేవారు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ సొమ్ము అంగట్లో సరుకై తిరుగుతూ ఉంటుంది గనక, శెట్టికి ఏదో అయిందట అన్న మాట పుట్టిందంటే అందరూ ఒకేసారి వాకిట్లోకి వస్తారు, ఏ శెట్టీ అందరికీ ఒకేసారి ఇవ్వలేడు. మా తాతకు జ్వరం వచ్చిన సంగతి బయటికి పొక్కి అంగడి మూతపడిన కథ నేను పాలతోపాటు తాగాను. అందుకే మా ఇంట్లో మగవాడి జబ్బు గడప దాటకూడదు. దగ్గు వస్తే పెరట్లో దగ్గాలి. డాక్టరు రావలసి వస్తే గొడ్ల దారిన రావాలి.

మా నాయనకు చాలా ఏళ్లుగా పేగు జారే జబ్బు ఉండేది. గుడ్డ బిగించి కట్టుకుని, అది జారినప్పుడల్లా లోపలి గదిలోకి పోయి తనే నెట్టుకుని వచ్చి కూర్చునేవాడు. కారు కొన్న మరుసటి వేసవిలో ఒక ఉదయం నూనె డబ్బా ఎత్తబోయి గది లోపలికి పోయినవాడు తిరిగి రాలేదు. పోయి చూస్తే గోడకు ఆనుకుని, చెమటలో మునిగి, వాంతి చేసుకుంటున్నాడు. పెరటి దారిన వచ్చిన డాక్టరు చేయగలిగిందంతా చేసి, ఎనిమా కూడా ఇచ్చి చూసి, చెయ్యి కడుక్కుంటూ మా అమ్మకు వినపడకుండా నాతో అన్నాడు: జారిన పేగు మెలికపడి బిగుసుకుంది, అందులో నెత్తురు ఆడటం లేదు, అది నల్లబడకముందే కర్నూలు పెద్దాసుపత్రిలో కోసి సరిచెయ్యాలి, నల్లబడితే మనిషి దక్కడు. పదకొండు గంటల బస్సు సిద్ధంగా ఉందని కూడా చెప్పాడు.

మా నాయన ఆ నొప్పిలో కూడా తల అడ్డంగా ఆడించాడు. “బస్సులో పోతే ఆత్మకూరంతా నా యెంట వచ్చినట్టేరా. నీ దున్నపోతు ఉండాది గదా, దాన్నే తీయ్.”

అలా మా నాయన నా కారు ఎక్కాడు. మా అమ్మ రెండు పాత చీరలు చింపి కిటికీలకు తెరలు కట్టింది. వెనక సీటులో ఆమె ఒడిలో ఆయన తల. ముందు నా పక్కన మా మేనమామ, అమ్మకు తమ్ముడు, నస్యం పీల్చనిదే ఊపిరి పీల్చని మనిషి. దారిలో పోసుకోవడానికి ఒక డబ్బా పెట్రోలు, తాగడానికి మట్టి కూజాలో నీళ్లు, అమ్మ సర్దిన సంచి. ఆ సంచిలో మా ఇంటి ఎనిమా డబ్బా కూడా ఉండటంలో వింత లేదు. పొద్దస్తమానం గద్దె మీద కూర్చునే మనిషి ఇంట్లో తెల్లటి ఆ ఇనపడబ్బా, దాని ఎర్ర రబ్బరు గొట్టం లేకుండా ఏ ప్రయాణమూ జరిగేది కాదు. అంగడి మూస్తే అనుమానం వస్తుందని తమ్ముణ్ని గద్దె మీద కూర్చోబెట్టి, పెళ్లి సంబంధం చూడటానికి పోతున్నామని చెప్పమని చెప్పి బయలుదేరాం.

ఊరు దాటి వాగు గట్టు ఎక్కేదాకా బండి బంగారంలా నడిచింది. మా నాయన కూడా మూలుగుల మధ్య, పర్వాలేదే అన్నట్టు ఒకసారి తెర తొలగించి చూశాడు. గట్టు ఎక్కాక దగ్గి ఆగింది. నేను కాంట్రాక్టరు దగ్గర నేర్చుకున్న విద్య ప్రకారం దిగి, కూజా నీళ్లతో తువ్వాలు తడిపి పంపు మీద కప్పి నిలబడ్డాను. కాసేపటికి లేచింది. నందికొట్కూరు చేరేలోపు మళ్లీ ఆగింది, మళ్లీ తడిపాను, మళ్లీ లేచింది. నందికొట్కూరులో ఆగి ఎవరినైనా చూపిద్దామని మామ అంటే మా నాయన ఒప్పుకోలేదు. ఆ బజారులో ఆయనను ఎరగని నూనె వర్తకుడు లేడు. ఊరు దాటిన కొంచెం దూరానికే ఇంకోసారి. ఈసారి కూజా తీసుకోబోతే అమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది. ఆయన పెదవులు తడపడానికి నీళ్లు కావాలి, నా పంపు తడపడానికీ అవే నీళ్లు కావాలి. ఇద్దరిలో ఎవరికి పోస్తే ఆయన బతుకుతాడో ఆ క్షణాన నాకు తెలియలేదు. ఆయన మూలుగు కూడా మారింది. అంతకు ముందు తిట్లు కలిసిన మూలుగు. ఇప్పుడు అందులో తిట్లు లేవు. మా నాయన నోట తిట్టు లేకపోవడం నేను అంతకు ముందు ఎరగను.

సరిగ్గా అప్పుడు వెనక దుమ్ము లేచింది. మా నాయన ఎక్కనన్న ఆత్మకూరు బస్సు.

మా నాయన ఆ చప్పుడు గుర్తుపట్టి చెయ్యి చాచాడు, మొహం కప్పమన్నట్టు. అమ్మ చీరకొంగు తీసేలోపు ఆయనకు అందిన గుడ్డ, నేను తడపడానికి పంపు మీదనుంచి తీసి కిటికీలో వేలాడదీసిన తువ్వాలు. దాన్నే లాగి మొహం మీద వేసుకున్నాడు. బస్సు మా పక్కనే ఆగింది. కిటికీల్లో అన్నీ తెలిసిన తలలే. వాటిలో మా వీధి చివర అప్పడాలు వత్తే అవ్వ కూడా ఉంది, కర్నూలులో కూతురింటికి పోతోంది. ఆమె దాచుకున్నదంతా మా అంగట్లోనే ఉంది.

కండక్టరు దిగి ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు. “ఏం శెట్టీ, మొరాయించిందా? అప్పుడే జెప్తి గదప్పా, ఇనుప సామాన్లోల్లకు అమ్మెయ్యమని. ఎవరన్నా ఎక్కేవాల్లుంటే ఎక్కండి, ముందర సీట్లు ఉండాయి.”

నేను ఆ బస్సును చూశాను. దాని ఇంజను గుర్రుమంటూ ఏ దగ్గూ లేకుండా తిరుగుతోంది. ఎక్కించండి అని ఒక్కమాట అంటే చాలు. వెనక సీటులో మొహం కప్పుకున్న మా నాయన చూపుడువేలు ఒక్కటి అటూ ఇటూ కదిలింది. వద్దు. “ఏం లేదన్నా, ఊరికే వేడెక్కింది. మా మామ భోంచేసి నిద్రబోతాండాడు. మీరు పొండి, వెనకే వస్తాం” అని నవ్వాను కూడా. కండక్టరు అవతలి పక్క నిలబడిన మా మామను చూసి, మళ్లీ తెర సందులోంచి పడుకున్న మనిషిని చూసి, మీకు మామలు ఎంతమంది అప్పా అనుకుంటూ పోయి ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చున్న అవ్వ తెర సందులోంచి కారు లోపలికి చూసి, నా వైపు చూసి, తల తిప్పుకుంది. బస్సు కదిలింది.

దుమ్ము అణగగానే నోరు తెరిచింది మా నాయనే. తువ్వాలు తీసి నా మీదికి విసిరి, ఉమ్మేసి అన్నాడు: “ఒరే, ఇది నీళ్ల తడి గాదురా. పెట్రోలు కంపు. పిండితే దీపం వెలుగుతాది.”

నేను వాసన చూశాను. నిజమే. నెలల తరబడి నేను ఆ గుడ్డను పంపు మీద కప్పుతూనే ఉన్నాను గానీ మొహానికి ఎప్పుడు పెట్టుకున్నాను? నూనె డబ్బాలో పిన్నీసు మొనంత చిల్లి ఉన్నా వాసనతో పట్టే మనిషి ఆయన. మూలుగు ఆపుకుని ఇంకో ప్రశ్న వేశాడు, అంగట్లో సరుకు తరుగు పోయినప్పుడు గుమాస్తాను అడిగినట్టు: మొదటిసారి ఎంత దూరం నడిచింది, రెండోసారి ఎంత, ఇప్పుడు ఎంత? నేను చెప్పాను. వాగు దాకా, నందికొట్కూరు లోపు, ఊరు దాటీ దాటకముందే. “ఎండయితే ప్రతిసారీ అదే ఎండ గదరా. దూరం తగ్గుతాండాదంటే అది ఆవిరి గాదు, కారడం. నీ గుడ్డ కారడాన్ని కప్పిపెట్టింది, అంతే.”

ఆ మాటతో నేను మొదటిసారి ఆ పంపును కొనేవాడిలా కాకుండా చూశాను. పొడిగుడ్డతో అడుగు తుడిచి, పైన కార్బురేటరుకు పోయే గొట్టం విప్పి పట్టుకుని, మామను ముందు హ్యాండిలు తిప్పమన్నాను. పంపు మంచిదైతే గొట్టంలోంచి పెట్రోలు చిమ్మాలి. తిప్పిన ప్రతిసారీ గొట్టం మూతి తడిసింది, అంతే. పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి మాత్రం బొట్లు బొట్లుగా మట్టిలోకి కారింది. ఇన్నాళ్లూ అక్కడ తడి కనిపించినా అది గుడ్డ నీళ్లేననుకున్నాను. ట్యాంకు వైపు గొట్టం విప్పి, ట్యాంకు మూతి దగ్గర మామను ఊదమంటే గొట్టంలోంచి పెట్రోలు ధారగా వచ్చింది. అంటే ట్యాంకులో తప్పు లేదు, గొట్టంలో అడ్డం లేదు. మరలు విప్పి పంపు పైకప్పు ఎత్తాను. లోపల పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలు తోడే గుడ్డబిళ్ల ఉంటుంది, డయాఫ్రం అంటారు. అది ఎండిన అప్పడంలా అంచునుంచి నడుమదాకా చీలి ఉంది. వేడెక్కినప్పుడల్లా ఆ చీలిక నోరు తెరుస్తూ వచ్చింది. ఇప్పుడు చల్లారినా మూసుకోదు.

రోగం తెలిసింది. మందు కర్నూలులో ఉంది. నేను చేతులు నేలకు తుడుచుకుంటూ కూర్చుండిపోతే, అమ్మ తెర తీసి, పంపు చేసే పని ఏమిటో చెప్పమంది. కిందున్న ట్యాంకులోంచి పైనున్న ఇంజనుకు తోడిపోస్తుందని చెప్పాను. “దానికింత ఏడుపు ఎందుకురా? తోడేది చెడితే పైనుంచి పొయ్యండి” అని సంచిలో చెయ్యి పెట్టి, ఎనిమా డబ్బా, గొట్టంతో సహా, నా చేతికిచ్చింది. మా నాయన కళ్లు తెరిచి చూసి, అది నాది అన్నాడు. ఆ మాటలో కొంచెం తిట్టు ఉన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

మామను ఎడమ ఫుట్‌బోర్డు మీద నిలబెట్టాను. బానెట్టు రెక్క ఒకవైపు తీసి లోపల పెట్టి, రబ్బరు గొట్టం కొసను కార్బురేటరుకు తొడిగి నారతో కట్టాను. డబ్బా నిండా పెట్రోలు పోసి, దాన్ని తలకన్నా ఎత్తుగా పట్టుకొమ్మన్నాను. పొగగొట్టం కాలిపోతూ ఉంటుంది. ఒక్క బొట్టు దాని మీద పడితే నలుగురమూ పోతాం. ఆ సంగతి నేను మామకు చెప్పలేదు, ఆయన తనంతట తనే కనిపెట్టి ఏడుకొండలవాణ్ని పిలవడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో కిటికీ, ఇంకో చేత్తో డబ్బా. నస్యం పొట్లం నడుంలోనే ఉండిపోయింది. తుమ్ము వచ్చినట్టైతే బండి ఆపమని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. గొట్టానికి ఉన్న బిగింపును ఎక్కువ తెరిస్తే ఇంజను మునిగిపోతుంది, తక్కువ తెరిస్తే ఆగిపోతుంది. నేను కేకలేస్తే ఆయన తిప్పేవాడు. డబ్బా అయిపోయినప్పుడల్లా ఆపి, పోసి, మళ్లీ కదిలాం. వెనక మూలుగు వినపడుతున్నంతసేపు ఇంజను చప్పుడు నాకు వినపడలేదు. ఒకచోట మూలుగు ఆగింది. అమ్మ గట్టిగా, ఉండాడు, పోనీ పోనీ అని అరిచింది.

మా నాయన జబ్బు ఎవరి కంటా పడకూడదని చీరలు కట్టి దాచిన మేము, ఉత్సవానికి గొడుగు పట్టినట్టు ఎనిమా డబ్బా ఎత్తి పట్టుకుని పట్టపగలు కర్నూలు బజారులోంచి పోయాం. పెద్దాసుపత్రి దాకా పిల్లలు వెంటపడి వచ్చారు.

సాయంత్రం దాకా కోశారు. బయటికి వచ్చిన పెద్ద డాక్టరు, బతుకుతాడని ముందు చెప్పి, తర్వాత, ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే పేగు నెట్టేసి కుట్లు వేసేవాళ్లమనీ, కొంత నల్లబడిపోయింది గనక కోసి తీసెయ్యవలసి వచ్చిందనీ చెప్పాడు. ఎందులో తెచ్చారని అడిగాడు. కారులో అన్నాను.

మర్నాడు అప్పడాల అవ్వ ఎవరినీ అడక్కుండానే వార్డు వెతుక్కుంటూ వచ్చింది. ఆమెను చూడగానే మా నాయన, కుట్లు పట్టి లాగుతున్నా, అన్న మొదటి మాట: “నీ లెక్క యాడికీ పోదులే అవ్వా.” మా వైపు డబ్బునే లెక్క అంటారు. అవ్వ మంచం పట్టీ మీద కూర్చుని ఆయన్ను దులిపేసింది.

“నా లెక్క సంగతి నిన్ను అడిగితినా? మొగానికి గుడ్డ కప్పుకుంటివి గానీ కాళ్లకు కప్పుకోవాల్నని తెల్వకపాయె. ఆ మడమల పగుళ్లు నీ గద్దె కింద ఎన్నేండ్ల నుంచి జూస్తాండాను నేను? పానం బాగలేదని ఆడనే అనుకుంటి. శెట్టి దాచుకుంటాండాడు గదా, నలుగురిలో మనమెందుకు బయటపెట్టాల్నని నోరు మూసుకుంటి.”

మా నాయన గోడవైపు తిరిగాడు. ఆమె ఆత్మకూరులో ఎవరికీ చెప్పలేదు. తన సొమ్మూ అడగలేదు.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లే ఉన్నాడు, కానీ డబ్బా ఎత్తలేదు, జొన్నరొట్టె ముట్టలేదు, గంజితోనే గడిపాడు. ఈ రోజుల్లో మా అల్లుడు జలుబు చేసినా ఫోనులో ఊరందరికీ తెలియజేస్తాడు. ఎవరూ పరుగెత్తుకు రారు, ఎవరి సొమ్మూ మునగదు. ఆ స్వేచ్ఛ చూస్తే అసూయగా ఉంటుంది. పంపు కూడా ఎక్కడో లోపలికి పోయింది. చేత్తో విప్పి, వాసన చూసి, దాని రోగం ఇదీ అనుకునే భాగ్యం ఇప్పుడు ఎవరికీ లేదు. పడుకున్న మనిషిని కాళ్లు చూసి గుర్తుపట్టగల అవ్వలు మా వీధిలో మిగలలేదు.

ఇక మిగిలింది ఆ బేరం లెక్క, దాన్ని ఇప్పటికైనా సరిగ్గా చెబుతాను. సగం ధరకు కొన్న బండిని పాత ఇనుము కింద అమ్ముకున్నాను, సగంలోనూ ముప్పాతిక పోయింది. చీలిన గుడ్డబిళ్లకు కొత్తది కర్నూలులో దొరికింది, దాని ఖరీదు నేను కొసరుగా తెచ్చుకున్న తువ్వాలుకన్నా తక్కువ. పెట్రోలుకు రబ్బరు ఉబ్బిపోయి ఎనిమా డబ్బా పాడైంది, కొత్తది కొన్నాం. కారు వల్ల మా నాయన బతికాడని నేను ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. నిజానికి బస్సు మాకన్నా ఎంతో ముందు కర్నూలు చేరింది, అందులో సీటు ఖాళీగా ఉంది, ఎక్కించి ఉంటే ఆ పేగు ఉండేది. అది ఖర్చు. ఇక అవ్వ మూసుకున్న నోరు. చాలాకాలం దాన్ని జమ కింద రాసుకున్నాను. కానీ ఆ రోజు ఆమె నోరు తెరిచి ఉంటే మా నాయనను బస్సు ఎక్కించేవారు. నోరు మూసుకోవడం ఆ వీధికి నేర్పింది మేమే. కాబట్టి అది కూడా ఖర్చే, మా ఖర్చే. జమ వైపు రాయడానికి ఏమీ లేదు.